గుప్పిట్లో ఇమిడే జోడుగొట్టాల పిస్తోలు: డెరింజర్ కొనడం, కాల్చడం, దాచడం

(టెక్సస్‌లో తెలుగువారి కోసం ఏర్పాటు చేసిన తుపాకీ భద్రత తరగతిలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద నాలుగు పిస్తోళ్లున్నాయి, నాలుగూ ఖాళీవే. గొట్టాలు పైకి తెరిచి పెట్టాను, కన్నాల్లోంచి వెలుతురు కనిపిస్తోంది. అయినా ముందు వరసలోవాళ్లు ఒకసారి లేచొచ్చి చూసి వెళ్లండి. నా మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. తుపాకి ఎవరి చేతిలోంచి మీ చేతిలోకి వచ్చినా, అవతలివాళ్లు "ఇప్పుడే చూశాను" అన్నా, మళ్లీ మీ కంటితో మీరు చూసుకోవాల్సిందే.

ముందు పేరు సంగతి. హెన్రీ డెరింజర్ అని ఫిలడెల్ఫియాలో తుపాకులు చేసే ఆయన ఉండేవాడు. 1786లో పుట్టి 1868లో పోయాడు. ఇంగ్లీషులో ఆయన పేరులో 'ఆర్' అక్షరం మధ్యలో ఒక్కటే. ఆయన చేసిన జేబు పిస్తోలు బాగా అమ్ముడుపోయేసరికి ఊరూరా నకళ్లు పుట్టాయి, ఆ నకళ్లతో పాటు రెండు 'ఆర్'ల స్పెల్లింగూ పాకింది. ఇవాళ చిన్న పిస్తోలు రకానికంతటికీ రెండు 'ఆర్'ల పేరే స్థిరపడింది. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్లో లింకన్ మీద పేలింది అసలు డెరింజరే, అదే థియేటర్లోని మ్యూజియంలో ఉంది. అయితే దానికి గొట్టం ఒకటే. మూతిలోంచి మందు దట్టించి, గుండు దిగ్గొట్టి, ఒక్కసారి కాల్చే రకం.

మనం ఈ రోజు చూసే జోడుగొట్టాల రూపం రెమింగ్టన్ కంపెనీది. విలియం ఎలియట్ అనే ఆయన 1865లో పేటెంటు తీసుకున్నాడు. 1866 నుంచి 1935 దాకా లక్షన్నర వరకూ చేశారు. ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలు, 3 అంగుళాల పొడుగు, బరువు 11 ఔన్సులు, అంటే 310 గ్రాములు. తూటా .41 రిమ్‌ఫైర్. ముందున్న అంకె గుండు మందం, సుమారుగా అంగుళాల్లో. రిమ్‌ఫైర్ అంటే తూటా అంచు మీద దెబ్బ పడితే పేలే రకం. 130 గ్రెయిన్ల, అంటే 8 గ్రాముల పైచిలుకు గుండు సెకనుకు 425 అడుగుల వేగంతో పోతుంది, ఈ రోజు లెక్కలో నీరసమైన తూటా. కానీ ఆ ఇనుముకు అంతే సరిపోయింది. తర్వాతివాళ్లు అదే ఆకారంలో .38 స్పెషల్, .357 మ్యాగ్నం, .45 కోల్ట్ దూర్చారు. మనకొచ్చే తంటాలన్నీ అక్కడ మొదలవుతాయి.

ఈ పాత రెమింగ్టన్ ఎక్కడైనా గన్ షోలో కనబడితే, ధర అడిగే ముందు రెండు చోట్ల చూడండి. ఒకటి, గొట్టాలు పైకి లేచే కీలు. ఫ్రేమ్, అంటే పిడీ ట్రిగ్గరూ ఉండే మొండెం, దాని పైన వెనక భాగంలో రెండు పక్కలా సన్నటి చెవుల్లా ఉంటుంది, కీలు మేకు ఆ చెవుల్లోంచే పోతుంది. ఈ చెవులు పగలడం ఈ మోడల్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. భూతద్దం పెట్టి చూడండి, వెంట్రుకంత గీత ఉన్నా అది గోడకు తగిలించుకునే సరుకే. అతుకు వేసి పాలిష్ పెట్టినవీ తిరుగుతుంటాయి, చెవి దగ్గర రంగు తేడాగా ఉంటే అనుమానించాలి. రెండోది, పై గొట్టం మీద ఉన్న అక్షరాలు. 'ఇ. రెమింగ్టన్ అండ్ సన్స్' అని ఉంటే 1888కి ముందుది. 'రెమింగ్టన్ ఆర్మ్స్ కంపెనీ' అని ఉంటే ఆ తర్వాతిది. 'యూ.ఎం.సి.' అనే మూడక్షరాలు కలిసి ఉంటే 1912 తర్వాతిది. ఇదెందుకంటే, అమెరికా ఫెడరల్ చట్టంలో 1898 దాకా తయారైన తుపాకి పురావస్తువు, తర్వాతిది మామూలు తుపాకి. మధ్య రకం మాత్రం అటూ ఇటూ పడుతుంది, అమ్మేవాడి నోటిమాట మీద వెళ్లొద్దు.

కాల్చడానికి కొనేవాళ్లు కొత్తదే కొనండి. మార్కెట్లో రెండు తరగతులున్నాయి. జింకు మిశ్రమంతో పోతపోసిన చవకరకం ఒకటి, స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవి ఒకటి. టెక్సస్‌లోనే గ్రాన్‌బరీలో బాండ్ ఆర్మ్స్ వాళ్లు, వేకోలో మొదలైన అమెరికన్ డెరింజర్ వాళ్లు రెండో తరగతి. చవకది పేలదని కాదు, పేలుతుంది. దాని హ్యామర్, అంటే వెనక ఉండే సుత్తిలాంటి ముక్క, గాడి అరిగిపోతుంది, గొట్టాలు పట్టి ఉంచే తాళం వదులవుతుంది. ఇంత చిన్న వస్తువులో వదులుకి చోటు లేదు. నూటయాభై డాలర్లు మిగుల్చుకుందామని చూసేవాళ్లకి నా సలహా, అసలు కొనకండి.

ఇక పనితీరు. ఇటు చూడండి, గొట్టాలు రెండు, హ్యామర్ ఒకటి. మరి ఏ గొట్టం పేలాలో ఎవరు చెబుతారు? హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగినప్పుడల్లా లోపల ఒక చిన్న పళ్ల చక్రం లాంటిది ఒక మెట్టు తిరుగుతుంది. తూటాని పొడిచే పిన్నులు రెండు, ఒకసారి పై పిన్నుకి, ఒకసారి కింది పిన్నుకి దెబ్బ పడుతుంది. మీరు తూటాలు మార్చారా, తెరిచి మూశారా, దానికి పట్టదు. కిందటిసారి ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే లెక్క. అందుకని "పైది ముందు పేలుతుంది" అని ఎవరైనా చెబితే, వాళ్ల పిస్తోలు ఆ రోజు అలా ఆగి ఉందని అర్థం చేసుకోండి.

మీ పిస్తోలు ఎక్కడుందో తెలుసుకోవడానికి పెన్సిలు పద్ధతి ఉంది. ఇది .38, .357, .45 లాంటి సెంటర్‌ఫైర్, అంటే పిన్ను తూటా నడిమధ్యన కొట్టే గొట్టాలకే పనికొస్తుంది. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. గొట్టాలు తెరిచి, ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలితో తడిమి మూయండి. మూతి పైకి పెట్టి, ముఖం పక్కకి ఉంచి, వెనక రబ్బరున్న కొత్త పెన్సిలు ఒక్కో గొట్టంలో రబ్బరు కిందికి వచ్చేలా జారవిడవండి. హ్యామర్ లాగి ట్రిగ్గర్ నొక్కితే ఒక పెన్సిలు ఎగురుతుంది. ఇప్పుడు పేలింది అదే గొట్టం. ఎగిరిన ఎత్తుని బట్టి స్ప్రింగు బలం కూడా తెలుస్తుంది. ఒకటి గట్టిగా ఎగిరి రెండోది నీళ్లు నమిలినట్టు కదిలితే, ఆ పిన్ను కన్నంలో మడ్డి పేరుకుందన్న మాట. .22 గొట్టాలకి మాత్రం ఈ పని చేయొద్దు. పెన్సిలు పట్టదు సరే, అసలు నష్టం వేరే ఉంది. రిమ్‌ఫైర్‌లో పిన్ను తూటా అంచు మీద కొడుతుంది. తూటా లేకపోతే ఆ దెబ్బ నేరుగా గొట్టం అంచుకి తగిలి చిన్న గంటు పడుతుంది. నాలుగు రోజులు పోయాక తూటా ఎక్కదు, ఎక్కినా ఊడి రాదు.

తూటా ఎక్కించడం. మూతి ఇసుక దిబ్బ వైపు. వేలు ట్రిగ్గర్‌కి దూరంగా, ఫ్రేమ్ పక్కన. పాత పద్ధతి పిస్తోలైతే హ్యామర్‌ని సగం దాకా లాగి హాఫ్ కాక్ గాడిలో పెట్టాలి, లేకపోతే పిన్ను ముందుకు పొడుచుకుని ఉండి, తెరిచేటప్పుడు దాని మొన విరుగుతుంది. కొత్త బాండ్ రకంలో పిన్నులు వాటంతటవే వెనక్కి పోతాయి, అడ్డబోల్టు సేఫ్టీ కూడా ఉంటుంది, అది వేసి ఉంచండి. పక్కనున్న మీట వదిలిస్తే గొట్టాలు వెనకనున్న కీలు మీద తిరిగి, మూతి వైపు పైకి లేస్తాయి. మొదటిసారి కాల్చేవాళ్లు ఒక్క తూటానే పెట్టండి. మూసేటప్పుడు గొట్టాల మూతి దగ్గర అరచేయి పెట్టి నొక్కడం చాలామందికి అలవాటు. చాలా చెడ్డ అలవాటు. పక్కల నుంచి పట్టుకుని కిందికి దించండి, టక్కుమని తాళం పడాలి. తర్వాత పక్కకి ఊపి చూడండి. కదలిక వేలికి తెలిస్తే ఆ రోజుకి ఆపేసి, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇప్పుడు అసలు విషయం, తన్నుడు. .45 కోల్ట్ తూటా తీసుకుందాం. గుండు 250 గ్రెయిన్లు, అంటే 16 గ్రాముల పైమాట. పొట్టి గొట్టంలోంచి సెకనుకు 210 మీటర్లు పోయిందనుకోండి. 570 గ్రాముల పిస్తోలు వెనక్కి సెకనుకు 6 మీటర్లు వస్తుంది, మందు గాలి తోపు కలిపితే ఇంకా ఎక్కువే. అదే తూటా 1,100 గ్రాముల పెద్ద రివాల్వర్లో కాలిస్తే వెనక్కొచ్చే వేగం సగం, చేతికి అందే శక్తి కూడా సగమే. బరువు తగ్గిన కొద్దీ మీ అరచేయి ఆ లెక్క కట్టుకుంటుంది. పైగా పట్టుకోవడానికి పిడి రెండు వేళ్ల వెడల్పు. ఆ దెబ్బంతా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి చోట పడుతుంది.

అందుకే మొదటి గొట్టాల జత .22 కొనండి. గొట్టాలు మార్చుకునే వీలున్న పిస్తోలైతే కీలు దగ్గర స్క్రూ విప్పి జత మార్చడం ఐదు నిమిషాల పని. .22తో రెండొందల తూటాలు కాల్చాక .38 స్పెషల్. .357 సంగతి అడిగితే, గొట్టం .357ది ఉంచుకుని .38 కాల్చుకోండి, అది కుదురుతుంది. తిరగేసి .38 గొట్టంలో .357 మాత్రం పెట్టకూడదు.

పట్టు ఇలా. పిడిని గుప్పిట్లో ఎంత పైకి వీలైతే అంత పైకి పట్టండి, కానీ చర్మం హ్యామర్ కిందికి రాకూడదు. హ్యామర్ పడేటప్పుడు కొరుకుతుంది. బొటనవేలు కిందికి మడిచి ఉంచండి. చిటికెన వేలికి పిడి అందదు, దాన్ని పిడి కిందికి మడవండి. రెండో చేయి మొదటి చేతి వేళ్ల మీద కప్పాలి తప్ప ముందుకు పోకూడదు. పెద్ద పిస్టల్ పట్టే అలవాటున్నవాళ్ల ఎడమ చూపుడువేలు దానంతటదే ముందుకు సాగుతుంది. ఇక్కడ గొట్టం 3 అంగుళాలు, మూతి అక్కడే ఉంది. వేలు పోతుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు.

ట్రిగ్గర్ ఇంకో తిరకాసు. మామూలు తుపాకిలో వేలు తిన్నగా వెనక్కి లాగుతుంది. చాలా డెరింజర్లలో ట్రిగ్గర్ ఇరుసు ఉన్న చోటుని బట్టి వెనక్కీ కిందికీ కలిపి నొక్కాలి. తిన్నగా లాగితే ఎంత లాగినా రాదు, వచ్చేసరికి మూతి నేల చూస్తుంది. ఖాళీ పిస్తోలులో స్నాప్ క్యాప్‌లు, అంటే ఉత్తుత్తి తూటాలు పెట్టి, వేలి కొనని ట్రిగ్గర్ కింది చివర పెట్టి రోజుకు ఇరవైసార్లు నొక్కండి. మూతి మీద ఒక నాణెం నిలబెట్టి, పడిపోకుండా నొక్కగలిగారంటే దారిలో పడ్డట్టు. 1962లో హై స్టాండర్డ్ కంపెనీ తెచ్చిన .22 డెరింజర్‌లో హ్యామర్ లాగక్కర్లేదు, ట్రిగ్గరే అన్నీ చేస్తుంది. దాని ట్రిగ్గర్ ఎంత బరువంటే, సన్నటి వేళ్లవాళ్లు రెండు వేళ్లు వేస్తారు.

టార్గెట్ మూడు గజాల దూరంలో పెట్టండి. నవ్వకండి, మూడే. తెల్ల కాగితం మీద చిన్న టీ సాసరంత గుండ్రం గీసుకోండి. పై గొట్టం కాల్చిన కన్నానికి ఎర్ర పెన్ను, కింది గొట్టానికి నీలం. పది పది కాల్చాక చూస్తే రెండు వేర్వేరు గుంపులు కనిపిస్తాయి. పై గొట్టం మీ చేతికి ఎక్కువ ఎత్తులో ఉంటుంది, మూతిని ఎక్కువ ఎగరేస్తుంది. దానికి తోడు రెండు గొట్టాలూ ఒకే చోట కలిసేలా ఫ్యాక్టరీలో కూర్చడం కష్టం. ఐదు గజాలకి ఆ గుంపుల మధ్య ఎడం ఎంతో రాసుకోండి. ఏడు గజాలు దాటాక ఈ పిస్తోలుతో గురి గురించి మాట్లాడటం దండగ.

నొక్కారు, టిక్ మంది, పేలలేదు. మూతి కదపకుండా 30 సెకన్లు అలాగే పట్టుకోండి. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. తర్వాత తెరిచి తూటా వెనక భాగం చూడండి. నొక్కు పడలేదంటే దెబ్బ ఖాళీ గొట్టం మీద పడింది. నొక్కు లోతుగా ఉంటే తూటా లోపం. పైపైన ఉంటే స్ప్రింగో మడ్డో. పేలినా శబ్దం 'తుస్' మంటే అది ఇంకా ప్రమాదం, గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. రెండో గొట్టం ఉంది కదా అని కాల్చబోకండి, ఆ గొట్టంలోనే మళ్లీ తూటా ఎక్కించి కాలిస్తే ఇరుక్కున్న దాని వెనకే ఇంకో గుండు పోతుంది. రెండు గొట్టాలూ ఖాళీ చేసి, కడ్డీ దూర్చి చూసుకోండి.

కాల్చాక గొట్టాలు తెరుచుకోకపోవడం ఎక్కువగా వచ్చే ఫిర్యాదు. మూడు కారణాలు. పిన్ను ప్రైమర్‌లో, అంటే తూటా వెనక దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న బిళ్లలో, దిగబడి ఉండటం, దానికి హ్యామర్ సగం లాగితే చాలు. ప్రైమర్ వెనక్కి జరిగి ఫ్రేమ్‌కి ఆనడం, ఇది గొట్టానికీ ఫ్రేమ్‌కీ మధ్య సందు పెరిగిందని చెబుతుంది. మూడోది, మందు ఎక్కువున్న తూటాకి ఇత్తడి ఉబ్బి గోడలకి అంటుకోవడం. సుత్తి పెట్టి కొట్టేవాళ్లుంటారు. మీట విరగడానికి అదే దగ్గర దారి.

.45 కోల్ట్ గొట్టంలోనే .410 షాట్‌గన్ తూటా పట్టే పిస్తోళ్లు ఇక్కడ బాగా అమ్ముడుపోతాయి, పాముల కోసమని. ఇందులో ఒక మెలిక జాగ్రత్తగా వినండి. షాట్‌గన్ తూటా పెట్టె మీద రాసే పొడుగు, కాల్చిన తర్వాతి పొడుగు. 3 అంగుళాల తూటా మూతి మడత విప్పుకోకముందు రెండున్నర అంగుళాల చుట్టుపక్కలే ఉంటుంది. అందుకని రెండున్నర అంగుళాల గదిలో, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోట, అది హాయిగా దూరుతుంది. దూరింది కదా అని కాలిస్తే మడత విచ్చుకోవడానికి చోటు చాలక గొంతు బిగుసుకుంటుంది, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం మీద చెక్కిన అంకె చూసి కొనండి, దూరిందా లేదా అన్నది పరీక్ష కాదు. ఇక గొట్టంలో మరచుట్లు, అంటే లోపల చెక్కిన మెలితిరిగిన గాళ్లు ఉంటాయి. మరచుట్లు లేని నున్న గొట్టంతో చిన్న షాట్ పిస్తోలు చేస్తే ఫెడరల్ చట్టంలో అది వేరే కేటగిరీ, వేరే రిజిస్ట్రేషన్. ఆ చుట్లు గుళ్లని గిర్రున తిప్పి వెదజల్లుతాయి, మధ్యలో ఖాళీ మిగిలి గారెలాంటి ఆకారం వస్తుంది. ఏడెనిమిది అడుగుల లోపల తప్ప పాముకి తగిలే ఆశ లేదు. అంత దూరంలో ఉన్నారంటే రెండడుగులు వెనక్కి వేయడమే నయం.

శుభ్రం చేయడం తేలిక. గొట్టాలు పైకి లేస్తాయి కాబట్టి బ్రష్ వెనక నుంచే పోతుంది. పొట్టి .38లు కాల్చిన .357 గదిలో మసి ఉంగరంలా పేరుకుంటుంది, తర్వాత పొడుగు తూటా ఎక్కనంటుంది. .410 కాల్చాక ప్లాస్టిక్ పొర అంటుకుంటుంది. కీలు మేకుకి ఒక్క చుక్క నూనె, పిన్ను కన్నాల్లో మాత్రం నూనె పోయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది. అయ్యాక చేతులు చల్లటి నీళ్లతో సబ్బుతో కడుక్కోవాలి, సీసం ఉంటుంది.

దగ్గర పెట్టుకునేవాళ్లకి రెండు ముక్కలు. పాతకాలం డిజైన్లలో హ్యామర్ కిందికి దించి ఉంటే అది పిన్ను మీద ఆని ఉంటుంది, పిన్ను తూటా మీద. కింద పడితే పేలొచ్చు. హాఫ్ కాక్ గాడి అరిగితే అదీ కాపాడదు. అలాంటిది తూటాలతో జేబులో పెట్టుకోవడం నేను ఒప్పుకోను. కొత్తదైనా ట్రిగ్గర్ పూర్తిగా కప్పే హోల్‌స్టర్‌లోనే, అంటే తుపాకి తొడుగులోనే ఉండాలి, తాళంచెవులూ చిల్లరా ఉన్న జేబులో కాదు. ఇంట్లో పిల్లలుంటే తాళం పెట్టె తప్పనిసరి. బొమ్మలా ఉంటుంది కదా, పిల్లలకీ అలాగే కనిపిస్తుంది. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి తూటాలున్న తుపాకి అందేలా వదిలేసి, అది వాళ్ల చేతికి చిక్కితే నేరం.

(ప్రశ్న: హెచ్-1బి మీద ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చా అండీ?)

మంచి ప్రశ్న, ఇక్కడ సగం మందికి కావాల్సిందే. గ్రీన్ కార్డు ఉంటే కొనుక్కోవచ్చు. డీలర్ దగ్గర చేతి తుపాకి కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, 4473 నంబరు ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వాలి. హెచ్-1బి, ఎఫ్-1, విజిటర్ వీసా లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నిషేధం. కొన్ని మినహాయింపులున్నాయి. ఎక్కువగా వాడేది, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. చేపల లైసెన్సు చాలదు. తుపాకి కాల్చడం సాధన చేసే రేంజిలో అద్దెకు తీసుకున్నా ఇదే రూలు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని సరదాగా రేంజికి తీసుకెళ్లి చేతికి ఇచ్చి ఫొటో తీస్తుంటారు, ఆ ఫొటోనే సాక్ష్యం అవుతుంది. ఇంకొకరి కోసం మీ పేరు మీద కొనిపెట్టడం మరో నేరం. మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో కొనకముందే లాయర్ని అడగండి.

(ప్రశ్న: ఇండియా వెళ్లేటప్పుడు తీసుకెళ్లొచ్చా?)

ఆ ఆలోచనే వద్దు. అక్కడ 1959 ఆయుధాల చట్టం ఉంది, లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉన్నా కేసే. తుపాకి ఎవరూ తీసుకెళ్లరు లెండి, పట్టించేది తూటానే. .22 తూటా మొత్తం 25 మిల్లీమీటర్ల పొడుగు, బ్యాగు కుట్టు మడతలో పడితే చేతికి తగలదు, శంషాబాద్‌లో ఎక్స్-రేకి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. రేంజికి తీసుకెళ్లే బ్యాగుని ప్రయాణాలకి వాడకండి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఈ రాత్రి ఇంటికెళ్లి దాని జేబులన్నీ బయటికి తిరగేసి, తెల్లదుప్పటి మీద దులిపి చూసుకోండి.